పుట్టమట్టి కోర్టులు

మెర్విన్ టల్లక్ మా యారాబీ ఊరి కౌన్సిల్‌కి ఇంజినీరుగా వచ్చింది రోడ్లు వేయడానికి. వేశాడు, కాదనను. కానీ ఆ మనిషి ప్రాణమంతా నాలుగు టెన్నిస్ కోర్టుల్లోనే ఉండేది. నేను కౌన్సిల్‌వాళ్ల రోడ్డు చదును చేసే గ్రేడరు బండి తోలేవాణ్ణి, బడి మధ్యలో వదిలేసినవాణ్ణి. నాచేత కూడా రాకెట్టు పట్టించాడు. గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లనీ, పోలీసాయన భార్యనీ, చర్చి పాస్టరునీ, ఎవర్నీ వదల్లేదు.

ఊరవతల బీడు భూముల్లో చెదపుట్టలు తవ్వి తెచ్చి, పొడి కొట్టి, ఆ ఎర్రమట్టి పరిచి, తడిపి, రోలరు లాగి ఆ కోర్టులు చేశాం. సిమెంటు ఆ మట్టి ముందు దిగదుడుపే. ఒక్కటే జబ్బు. రోజూ సాయంత్రం నీళ్లు తాగకపోతే చచ్చిపోతుంది.

వరసగా మూడో ఏడూ వాన మొహం చాటేసింది. ఆనకట్ట వెనక బురదే మిగిలింది. ఎత్తు ట్యాంకులో ఉన్న కాసిని నీళ్లు తాగడానికీ, ఆసుపత్రికీ. బయట చుక్క పోయకూడదని ఆర్డరు రాసింది మెర్విన్, మా మెర్వే. ముందుగా ఆపింది తన కోర్టులకే.

కోర్టుల్లో నెర్రెలు కనబడ్డాయి. ఏటా మా కోర్టుల్లో జరిగే ఈస్టర్ టెన్నిస్ పోటీలు దగ్గరకొచ్చాయి. కోర్టులు బాగా లేకపోతే పోటీలు వేరే ఊరికి పోతాయనీ, పోయినవి మళ్లీ రావనీ జిల్లా టెన్నిస్ సంఘంవాళ్లు కబురు పెట్టారు. పోటీలు పోతే మా టెన్నిస్ క్లబ్బు పోయినట్టే. ఆ తర్వాత మా ఊళ్లో మనిషికి మనిషి ఎదురుపడేది పబ్బులోనే, అదీ తాగి.

పబ్బు నడిపే పెర్సీ హాగన్ అందరి ముందూ మాటెత్తాడు.

"ఒక్క గంట ఆ ట్యాంకు వాల్వు తిప్పవయ్యా మెర్వ్. చూడొచ్చిందెవడు?"

"ఆసుపత్రిలో మనుషులున్నారు పెర్సీ."

"వాళ్లేమన్నా సింగిల్స్ ఆడతారా ఏంటి?"

అందరూ విరగబడి నవ్వారు. మెర్వ్ నవ్వలేదు. మర్నాడు వాల్వు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, నేనడిగినా ఇవ్వకు అన్నాడు. ఆ వారంలోనే రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేను ఇవ్వలేదు.

అప్పుడు అతని భార్య డోరీన్‌కి ఓ ఆలోచన తట్టింది. క్లబ్బు పనులన్నీ ఆవిడే చూసేది. స్నానం చేసిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు పారబోయకండి, కోర్టుకి తెండి అని ఇల్లిల్లూ తిరిగింది. మెర్వ్ ఏమీ అనలేదు. ఊరు ఊరంతా బకెట్లతో కదిలింది. మెర్వ్ ఎంత పిలిచినా ఎన్నడూ కోర్టు గడప తొక్కని పెర్సీ కూడా గ్లాసులు కడిగిన నీళ్లు మోసుకొచ్చాడు. మట్టి గటగటా తాగింది. రోలరు లాగాం. కోర్టు నున్నగా, ఎర్రగా తేలింది. ఆడవాళ్లు కంచె పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. మెర్వ్ ఒక్కడే జ్వరం వచ్చినవాడిలా రోలరు మీద కూలబడ్డాడు.

అది ఆరేసరికి పైపొర అప్పడంలా లేచింది. పోటీల ముందురోజు సంఘం తరఫున క్విర్క్ అనే ఆయన వచ్చి మడమతో నొక్కాడు. పెటుక్కున విరిగింది. మంచివాడే, క్షమించమన్నాడు. పోటీలు వేరే ఊళ్లో పెట్టమని ఫోను చేయడానికి పోస్టాఫీసు వైపు నడిచాడు.

డోరీన్ మొగుడి వైపు తిరిగింది.

"సబ్బునీళ్లకి ఇట్లా అవుతుందని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నోరెందుకు మూసుకున్నావు?"

"ఇంకో దారి లేదు డోరీన్. ఊరంతా బకెట్లు పట్టుకుని వచ్చింది. వెనక్కి పొండని ఏ నోటితో చెప్పను?"

ఆవిడ వెళ్లి నెట్టు విప్పడం మొదలుపెట్టింది.

వాల్వు తిప్పి ఉంటే క్లబ్బు నిలిచేదని ఇప్పటికీ పబ్బులో అంటారు. ఆ ఏడాది ఆ ట్యాంకు నీళ్లు తాగి బతికి బట్టకట్టినవాళ్లే అంటారు.

ఆ రోజు మెర్వ్ కోర్టు మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, లేచిన పెచ్చుల్ని ఒక్కొక్కటిగా అరచేత్తో అదమసాగాడు. అదిమిన చోటల్లా పొడై రాలింది. ఎండ నడినెత్తికి వచ్చినా లేవలేదు. చివరికి డోరీన్ వెళ్లి రెండు భుజాలూ పట్టుకుని లేపింది.