తోడు కూర్చునే బల్ల

లెక్కల మాస్టారు బడి అయ్యాక మా అమ్మాయి పిచ్చుకకి విడిగా పాఠం చెబుతానన్నారని తెలిసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆరో తరగతి పిల్ల. దశాంశాలు అంతుపట్టక ముఖం వేలాడేసుకుని తిరుగుతున్నది కాస్తా, ఆ మాట వినగానే గంతులేసింది. నేను మాన్పించేద్దామనే వెళ్లాను.

గది తలుపు బార్లా తీసి ఉంది. మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టారు. పిచ్చుక లోపల పుస్తకం తెరిచి కూర్చుంది. మాస్టారు మాత్రం గడప బయటే నిలబడి ఉన్నారు.

"ఇవాళ పాఠం లేదమ్మా, పిల్లని తీసుకెళ్లండి. తోడు కూర్చునే ఆయమ్మకి జ్వరం. ఒక్క పిల్లతో నేనొక్కణ్ణే గదిలో ఉండకూడదు."

"పది నిమిషాలే కదా సార్!" పిచ్చుక ఏడుపు ముఖం పెట్టింది.

"పది నిమిషాలైనా అంతే. రేపు ఇంకెవరైనా నిన్ను ఒంటరిగా రమ్మంటే, మా సారే అలా పిలవరని చెప్పాలి కదా నువ్వు!"

నా ఆరో తరగతిలో ఒక మాస్టారు నన్ను ఆగమని తలుపు వేశాడు. మర్నాడు బడికి పోనని మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. ఎందుకే అని ఎవరూ అడగలేదు. "పోనీలే, నాకు చేదోడుగా ఉంటుంది" అంది అమ్మ. నా సంచి అటకెక్కింది. ఇప్పటికీ బడి గంట వినపడితే చేతిలో పని ఆగిపోతుంది.

"నేను కూర్చుంటే కుదురుతుందా సార్?"

ఆయన వెళ్లి పెద్ద టీచరుని అడిగి వచ్చి తలూపారు.

వెనక బల్లలో మోకాళ్లు పట్టలేదు. మాస్టారి చేతుల మీంచి చూపు తిప్పలేదు నేను.

"అమ్మా, సార్ని అలా గుడ్లురిమి చూడకు. బోర్డు చూడు!"

"చూడనివ్వవే. మీ అమ్మ కూర్చున్నదే అందుకు," అని నవ్వి, ఆయన సుద్దముక్క అందుకున్నారు.

అంకెలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. చుక్క ఒక గడి జరిగింది. ఎప్పుడు బోర్డు వైపు తిరిగానో తెలియదు. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"సార్... ఆ చుక్క అక్కడికెందుకు పోయిందో ఇంకోసారి చెప్తారా?"

పిచ్చుక కిసుక్కున నవ్వి, పక్కకి జరిగి చోటిచ్చింది.

ఇంటికి వస్తూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పాపం, ఆయమ్మకి జ్వరం తగ్గాలి. ఎల్లుండికి తగ్గినా పరవాలేదు.