గంగాప్రసాద్ మీసమూ, గన్నవరం విమానమూ

భవానీపురంలో గంగాప్రసాద్ మీసం తెలియనివాడు లేడు. ఓ మధ్యాహ్నం ఆయన అరుగు మీద కునుకు తీస్తుంటే పిచ్చుక ఒకటి గడ్డిపరక తెచ్చి ఆ మీసంలో గూడు మొదలుపెట్టిందట. దాని సంసారం చెడగొట్టడం ఇష్టంలేక సాయంత్రం దాకా తుమ్ము ఆపుకున్నాడట. చెప్పేది ఆయనే లెండి. చేపలకు ఐసు కట్టి ఊళ్లకు పంపే వ్యాపారం ఆయనది. అంతటి మీసాన్ని 2002 వేసవిలో పందెంలో పెట్టాడు.

పందెం ఆయన అన్న కూతురు సత్యశ్రీ కంప్యూటరు మీద. డిగ్రీ చదివే ఆ పిల్ల పాత సామాన్లు ఏరి తెచ్చి దాన్ని తనే బిగించుకుంది. అందులో విమానం నడిపే ఆట ఉంది. గన్నవరంలో విమానం బాగానే లేచేది. బెజవాడ మీదికి రాగానే బొమ్మ బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి విమానం నదిలో ఉండేది. ఈ ఏడు కృష్ణలో చేపల కంటే విమానాలే ఎక్కువని గంగాప్రసాద్ భార్య పేరమ్మ ఎగతాళి చేసేది.

చేపల వ్యాను బాగుచేయడానికి ఆటోనగర్ నుంచి వచ్చే మెకానిక్కు శౌరయ్య అది చూసి, ఈ డొక్కు మీద విమానం జన్మలో కుదుపు లేకుండా దిగదన్నాడు. గంగాప్రసాద్‌కు ఒళ్లు మండింది. ఆదివారం దిగి తీరుతుంది, దిగకపోతే మీసం తీయించుకుంటానన్నాడు. దిగితే శౌరయ్య తీయించుకోవాలి. నడిపేది సత్యశ్రీ కదా, ఆమెను ఒక్క మాట అడుగుదామని ఇద్దరికీ తోచలేదు.

సంగతి విని సత్యశ్రీ నెత్తి కొట్టుకుంది. అయినా పనిలోకి దిగింది. ర్యామ్ పెంచింది. కొత్తగా గ్రాఫిక్స్ కార్డు బిగించింది. పెళ్లిలో వంటా వడ్డనా ఒక్కడే చేస్తే బంతి ఎప్పటికి లేస్తుంది, బొమ్మలు గీసే పని ఈ కార్డు చూసుకుంటే ప్రాసెసరుకు ఊపిరాడుతుందని బాబాయికి విడమరిచి చెప్పింది. నిజంగానే విమానం బెజవాడ దాటింది. కాని కాసేపటికే పెట్టె వేడెక్కి మళ్లీ మొరాయించింది.

వేడి అనగానే గంగాప్రసాద్‌కు తన విద్య గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున సత్యశ్రీ స్నానానికి వెళ్లడం చూసి, కంప్యూటరు ఆన్ చేసి, బొచ్చె చేపకు కట్టినట్టే పెట్టె చుట్టూ ఐసు పేర్చి, ఊక పోసి, గోనెపట్టా చుట్టాడు. తడిజుట్టుతో వచ్చిన సత్యశ్రీ ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేసింది.

"బాబాయ్, ఇది కంప్యూటరా, పార్సిలా?"

"ఇట్టా కడితే కలకత్తా దాకా చెడదమ్మా."

"చెడకుండా పోయేది చేప. ఇది తడిస్తే చస్తుంది."

విప్పి చూస్తే లోపలి రేకుకు చెమట పట్టి ఉంది. ఆమె ఒక్కో భాగం ఊడదీసి, తుడిచి, డాబా మీద దుప్పటి పరిచి ఒడియాల్లా ఆరబెట్టింది. గంగాప్రసాద్ అద్దం అడిగి తెప్పించుకుని, మీసాన్ని చివరి చూపు చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఊక దులుపుతుంటే సత్యశ్రీకి ప్రాసెసరు మీది ఫ్యాను కనబడింది. రెక్కల కింద దుమ్ము కంబళిలా పేరుకుని గాలిని దిగనివ్వడం లేదు. వేడి కథ అదీ. దాన్ని బ్రష్షుతో శుభ్రం చేసి, అన్నీ బిగించింది.

మధ్యాహ్నం శౌరయ్య వచ్చి కూర్చున్నాడు. విమానం లేచింది, బెజవాడ చుట్టి వచ్చింది, కొంగ నీటి మీద వాలినట్టు గన్నవరంలో వాలింది. ఒక్క కుదుపు లేదు.

శౌరయ్య ఊరుకుంటాడా? మబ్బులేవి, చెట్లేవి, బోసి ఊరు చూపించి పందెం గెలుస్తారా అన్నాడు. కంప్యూటరు మీద బరువు తగ్గించడానికి సత్యశ్రీ వాటిని తీసేసిన మాట నిజమే. గంగాప్రసాద్ గొడవకు లేచాడు. సత్యశ్రీ మబ్బులూ చెట్లూ అన్నీ పెట్టి మళ్లీ ఎగిరింది.

ఈసారి బొమ్మ ఆగి ఆగి వచ్చింది. గంగాప్రసాద్ చెయ్యి మీసం మీదికి పోయింది. కాని ఆ పిల్ల తొణకలేదు. తెర బిగుసుకున్నప్పుడల్లా, విమానం ఎక్కడికి చేరి ఉంటుందో లోపలే లెక్కేసుకుంటూ కుదుపు లేకుండా దించేసింది.

శౌరయ్య గొంతు తగ్గింది. "బొమ్మ లేనప్పుడు ఎట్టా తెలిసిందమ్మా?"

"ఇన్నాళ్లూ మునిగింది నేనే కదండీ. ఎక్కడ మునుగుతానో తెలుసు."

శౌరయ్య లేచి, మంగలి షాపు ఎటని అడిగాడు. గంగాప్రసాద్ దారి చూపించడానికి హుషారుగా చెప్పులేసుకున్నాడు.

"ఆ మీసం నేనేం చేసుకుంటానండీ," అంది సత్యశ్రీ. "విమానానికి కాళ్లతో తొక్కే పెడల్స్ ఉంటాయి. అవి చేసిపెట్టండి."

పందెమంటే పందెమేనని గంగాప్రసాద్ గుమ్మంలో నిలబడి వాదిస్తూనే ఉన్నాడు. శౌరయ్యకు అది వినబడలేదు. ఆయన అప్పటికే నేలమీద గొంతుక్కూర్చుని, ఆ పిల్ల పాదం జానతో కొలుస్తున్నాడు.