గడ్డం కింద ఎండ

బేకరీ ఆయన మొహం ఉడికించిన బీట్‌రూట్‌లా ఉందని ముందుగా చెప్పింది పొద్దున్నే బ్రెడ్డు కోసం వచ్చిన పోస్ట్‌మ్యాన్.

"ఏంటి సార్, ట్రేతో పాటు తల కూడా ఓవెన్‌లో పెట్టేశారా?"

"నిన్న మంచులో ప్రాక్టీసుకి వెళ్ళాంలే," అన్నాడాయన, నవ్వబోయి, పెదవి చిట్లి ఆగిపోయాడు.

ప్రతి చలికాలం ఊరి పక్క కొండ మీద కాళ్ళకి పలకలు కట్టుకుని, చేతికర్రలతో మంచు మీద జారే జంటల స్కీయింగ్ పందెం జరుగుతుంది. గడ్డకట్టిన చెరువు చుట్టూ తిరిగి, చివర్లో ఒక నిటారు ఎక్కుడు ఎక్కి, ఎర్ర గీత దాటాలి. జంటలో ఇద్దరూ దాటితేనే లెక్క. ఆయన ఏటా బావమరిదితో కలిసి బయలుదేరతాడు. ఏటా ఆ ఎక్కుడు సగంలో, రొప్పుతూ ఒకే మలుపు దగ్గర చతికిలబడతాడు. జనం ఆ మలుపుకి 'బేకరీ బెంచీ' అని పేరు కూడా పెట్టేశారు. యాభై దాటిన మనిషికి ఇప్పుడు ఒక్కటే కోరిక: ఒక్కసారి ఆ గీత దాటాలి.

ఈసారి ప్రాక్టీసుకి వెళ్ళేముందు ఆయన ఒక తెలివైన పని చేశాడు. చలిగాలికి మొహం పగలకుండా, కేకు గిన్నెకి రాసినట్టు మూలమూలలా వెన్న పట్టించాడు.

మందుల షాపులో పనిచేసే ఆయన భార్య సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"గిన్నెకి వెన్న రాసి ఎండలో పెట్టినట్టు మొహాన్ని పెట్టారా! వెన్న ఎండని ఆపుతుందా?"

"ఎండెక్కడిదే? మబ్బు పట్టి, పళ్ళు టకటకలాడుతుంటేనూ!"

"చల్లగా ఉంటే కాల్చదని ఎవరు చెప్పారు? మబ్బులోంచి కూడా దిగుతుంది. పైనుంచి పడింది చాలక, మంచు మీద పడి అద్దం మీంచి కొట్టినట్టు కిందనుంచి కొడుతుంది. గడ్డం ఎత్తండి." ఎత్తాడు. "చూశారా, గడ్డం కిందే ఎక్కువ కమిలింది. ముక్కు రంధ్రాల్లో కూడా!"

"ఇన్నేళ్ళు ఓవెన్ ముందు నిలబడి రాటుదేలిన మొహమే ఇది."

"ఓవెన్ సెగ వేరు, ఎండ వేరు. ఇంక పందెం లేదు, గిందెం లేదు."

ఆయన వాదించుంటే ఆవిడకి సుఖంగా ఉండేది. ఊరికే పిండి పిసుకుతూ కూర్చున్నాడు. మర్నాడు బన్నుల్లో పంచదారకి బదులు ఉప్పు పడింది. సాయంత్రం ప్లంబరు బావమరిది వచ్చాడు.

"అక్కా, బావ మీద జాలి లేకపోతే పోనీ, ఆ బన్నులు కొన్నవాళ్ళ మీదైనా జాలి చూపించవే."

ఆవిడకి నవ్వొచ్చింది. పొయ్యి వైపు తిరిగి నిలబడ్డ భర్త వీపు చూసి మెత్తబడింది.

"సరే, వెళ్ళండి. కానీ చర్మం పూర్తిగా మానాకే. సన్‌స్క్రీన్ నేనే పూస్తాను. కళ్ళకి నల్ల గాగుల్స్ తియ్యకూడదు. చెమటకి క్రీము కారిపోతుంది కాబట్టి చెరువు దగ్గర ఆగి మళ్ళీ రాసుకోవాలి. ఇద్దరూ!"

"పందెం మధ్యలో ఆగడమా!" బావమరిది గుడ్లు తేలేశాడు.

"ఆగుతాం," అన్నాడు బేకరీ ఆయన గబగబా, ఆవిడ మనసు మారేలోపు.

పందెం నాటికి మొహం మానింది. ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఆవిడ ఆయన చెవులకీ, పెదవులకీ, ముక్కు కిందా, గడ్డం కిందా గోడకి సున్నం కొట్టినట్టు తెల్లటి క్రీము పట్టించింది.

పక్కన మాంసం కొట్టు అన్నదమ్ములు ఒకటే నవ్వు. వాళ్ళకి క్రీమూ లేదు, గాగుల్సూ లేవు.

"ఏం బేకరీ, పిండి డబ్బాలో పడ్డావా?"

"మీ కొట్టులో వేలాడేవాటి రంగులోకి రావడం ఇష్టంలేకయ్యా!"

విజిల్ మోగింది. చెరువు దాకా ఇద్దరూ బానే జారారు. అక్కడ ఆయన ఆగి ట్యూబు తీశాడు.

"బావా, అందరూ దాటి పోతున్నారు! ఇప్పుడా మేకప్పు?"

"మీ అక్కకి మాటిచ్చాను. మొహం ఇటు పెట్టు. గడ్డం ఎత్తు."

అన్నదమ్ములు ఈలలేసుకుంటూ దాటిపోయారు. అయినా ఆయన తీరిగ్గా రాసుకుని, నాలుగు గుక్కల నీళ్ళు తాగాడు. కదలబోతూ ఒక సంగతి గమనించాడు. గుండె దడ తగ్గింది. ఊపిరి నిండుగా ఆడుతోంది. ఇన్నేళ్ళూ వెనకపడతానన్న భయంతో ఒక్కచోట కూడా ఆగకుండా, ఆ ఎక్కుడు దగ్గరికి ఖాళీ సంచిలా చేరేవాడు!

"పదరా!" అన్నాడు.

ఎక్కుడు మొదలైంది. మంచు మీద వెలుగు కత్తుల్లా లేస్తోంది. కాళ్ళు మొరాయించాయి. తన మలుపు వచ్చింది.

"కూర్చుంటావా బావా?" వెనకనుంచి భయంభయంగా అడిగాడు బావమరిది.

"నువ్వు కావాలంటే కూర్చో. నాకు పనుంది!"

మలుపు వెనక్కి పోయింది. కాస్త పైన మాంసం కొట్టు అన్నదమ్ములు కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడిపోయి ఉన్నారు. కళ్ళు ధారగా కారుతున్నాయి.

"బేకరీ, నువ్వేనా? ఏం కనబడట్లేదయ్యా, అంతా తెలుపే."

దాటిపోదామనుకున్నాడు. మనసొప్పలేదు.

"కళ్ళు సగం మూసుకోండి. నా కర్రల చప్పుడు పట్టుకుని వెనకే రండి. ముందుకు మాత్రం రాకండి, చెప్తున్నా!"

అలా నలుగురూ వరసగా, ముందు తెల్లమొహం బేకరీ ఆయన, ఎక్కుడు పైకి తేలారు. జనం ఒక్కసారిగా లేచి గోలగోల చేశారు. ఎర్ర గీత దగ్గరపడింది, ఇంకా దగ్గరపడింది, కాళ్ళ కిందకొచ్చింది, వెనక్కి పోయింది. వెనకే బావమరిదీ దాటి ఆగాడు.

కానీ ఆయన ఆగలేదు. గీత దాటాక వాలు ఉంటుందని ఆయనకేం తెలుసు, ఎప్పుడైనా అక్కడిదాకా వస్తే కదా! చేతులు రెండూ పైకెత్తి, కేకలు పెడుతూ, చప్పట్లు కొడుతున్న జనం మధ్యనుంచి జర్రున జారిపోతూనే ఉన్నాడు.

"ఏవండీ, అయిపోయింది! ఆగండి!" భార్య నవ్వుతూ వెంట పరిగెత్తింది.

"ఎలా ఆగాలే?" అని అరుస్తూ ఆయన సాగిపోయాడు.