కలకడాయన

ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి నడుము కింద పెట్టి లక్ష్మీపతి మామను గోడవైపుకు ఒత్తిగిలించాడు. ఒకప్పుడు వేరుశనక్కాయల బస్తాను ఒక్కడే బండికెత్తిన ఆదెప్ప, ఇప్పుడు చొప్పకట్టంత అయిపోయాడు. వీపు మీది పుండును గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, పౌడరు చల్లి, మెత్తటి పాత చీర మడతపెట్టి ఆనించాడు. చీర స్వర్ణలతది. లక్ష్మీపతికి భార్య, ఆదెప్పకు ఒక్కగానొక్క కూతురు. ఆమె పోయి ఐదేళ్ళయింది. చీరలు మాత్రం ఒక్కొక్కటే తండ్రి కింద నలిగి చిరిగిపోతున్నాయి.

రాగిగంజి ఒకటి రెండు చెంచాలు లోపలికి పోయింది. తర్వాతది పెదవి మూలనుంచి గడ్డంలోకి కారింది. తుడుస్తుంటే ఆదెప్ప చెల్లెలు బయ్యమ్మ వచ్చి మంచం దగ్గర నిలబడింది. లక్ష్మీపతి పనికి పోయినప్పుడు ముసలాయన దగ్గర కూర్చునేది ఆమే. అన్న పాదాలు పట్టుకుని చూసింది.

"కాళ్ళు సూడప్పా, ఎట్ల సల్లబడిండాయో. ఈ పొద్దు పనికి పోబాకు."

"రేపు పరీక్షలు చిన్నమ్మా. మధ్యాన్నానికంతా వచ్చేస్తాను."

"అదేందో ఆయనకు సెప్పు."

లక్ష్మీపతి వంగాడు. "మామా, పొయ్యొస్తా." ఆదెప్ప కళ్ళు తెరిచాడు. కుప్పంలో ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న కొద్దిరోజులకే ఆయనకు మాట పడిపోయింది. మాట ఉండగా ఆఖరిగా చెప్పింది మాత్రం లక్ష్మీపతి చెవిలోనే ఉంది. "నా నోట్లో నీళ్ళు నువ్వు పొయ్యాల. ముందర కుండ నువ్వు పట్టాల. తిమ్మడు గాదు. ఇన్యావా?" ఇన్నాళ్ళ కాపురంలో మామ ఎన్నో పనులు చెప్పాడు. అడగడమంటూ అడిగింది ఇదొక్కటే. తిమ్మడంటే తిమ్మప్ప, ఆదెప్ప తమ్ముడి కొడుకు, పక్కింట్లోనే ఉంటాడు.

లక్ష్మీపతిది కలకడ. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. తొంభైలో, మీసాలు సరిగ్గా రాకముందే, పుంగనూరు ఆవల ఉన్న ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడు. వచ్చిన రోజున ఎవరో "కలకడాయన" అన్నారు. అదే ఖాయమైపోయింది. ఇప్పటికీ ఊళ్ళో సగం మందికి ఆయన పేరు తెలియదు. ఇల్లరికపు అల్లుడి బతుకు వినడానికి బాగుంటుంది, కొడుకుతో సమానమంటారు. సమానమని రోజూ రుజువు చేసుకోవలసింది మాత్రం అల్లుడే. కొత్తలో ఒకసారి జ్వరమొచ్చి, మడి సగం దున్ని ఇంటికొచ్చేశాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. రాత్రి, అప్పటికింకా బతికున్న అత్త సంగటిముద్దను సగానికి తుంచి వడ్డించింది. అంతే. ఆనాటినుంచి లక్ష్మీపతి ఏ పనీ సగంలో వదిలింది లేదు.

తర్వాత బోర్లు ఒకదాని వెనుక ఒకటి ఎండిపోయాయి. పుంగనూరులో కంప్యూటరు కోర్సు నేర్చుకుని, మదనపల్లె దారిలోని ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాడు. స్వర్ణలత జ్వరంతో పోయినప్పుడు, దినాలు ముగిశాక పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. కూతురే లేనప్పుడు అల్లుడేమవుతాడు? పిల్లలూ లేకపోయిరి. లక్ష్మీపతి సంచి సర్దిపెట్టుకున్నాడు కూడా. ఆదెప్ప బయటికొచ్చి అందరినీ ఒకసారి చూశాడు. "యాల కూసున్యారు అందరూ?" అన్నాడు. అల్లుడివైపు తిరిగి, "బర్రెకు గడ్డేసినావా?" అని అడిగాడు. లక్ష్మీపతి లేచి గడ్డివామి దగ్గరికి పోయాడు. పంచాయితీ అంతటితో ముగిసింది. ఆ ఒక్క మాటకు ముసలాయనకు ఎంత చాకిరీ చేసినా తక్కువేనని లక్ష్మీపతికి అనిపించేది.

*

ల్యాబ్‌లో కంప్యూటర్లన్నిటిలోనూ ఉండేది విండోస్. పిల్లలకు పరీక్షలో కావలసింది లినక్స్. ఆ గదిలోనే ఇంగ్లీషు క్లాసులూ ఆఫీసు పనులూ జరుగుతాయి కాబట్టి విండోస్ తీసెయ్యడానికి యాజమాన్యం ఒప్పుకోదు. అందుకని విండోస్ నడుస్తుండగానే తెరమీద ఒక గడి తెరిచి, దానిలోపల లినక్స్‌ను నడిపిస్తారు. అది తన మానాన, తాను వేరే కంప్యూటర్ననుకుని పనిచేసుకుంటుంది. విండోస్ లెక్కలో మాత్రం అదంతా కలిపి ఒక పెద్ద ఫైలు.

"ఇల్లరికపు అల్లుడు మాదిరి," అని లక్ష్మీపతి ఒకసారి పిల్లలకు చెప్పాడు. "పని వేరే, పద్ధతి వేరే. ఇల్లు మాత్రం మామది. మామ దీపమార్పినాడంటే అల్లుడు యాడుండేవాడు ఆడ నిలిచిపోవాల." పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఆ లినక్స్ పాతబడింది. సిలబస్‌లోని ప్రోగ్రాములు కొన్ని దానిలో నడవడం లేదు. రేపు యూనివర్సిటీ నుంచి మనిషి వచ్చేలోగా దాన్ని కొత్త వెర్షనుకు మార్చాలి. ఒక కంప్యూటరులో మారిస్తే చాలు, ఆ పెద్ద ఫైలును మిగతావాటికి కాపీ చేసుకోవచ్చు. లక్ష్మీపతి మొదట ఉన్న ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టాడు. తర్వాత మూలనున్న కంప్యూటరులో అప్‌గ్రేడు మొదలుపెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చోక తప్పదు. మధ్యమధ్యలో అది ఆగి అడుగుతుంది, ఈ అమరిక పాతదే ఉంచేదా, కొత్తది పెట్టేదా అని. జవాబు చెప్పేదాకా ముందుకు కదలదు.

పదకొండు దాటేసరికి డౌన్‌లోడంతా అయిపోయి, కొత్తవి ఒక్కొక్కటే కూర్చుంటున్నాయి. మధ్యాహ్నం బస్సు దొరికేటట్టే ఉంది. లినక్స్ గడిని తెర అడుక్కు దించి, సగం రోజు సెలవు అడగడానికి హెచ్‌ఓడీ గదికి పోయాడు. హెచ్‌ఓడీ చెడ్డవాడు కాదు. "మీ మామగారెట్లుండారు?" అని అడిగాడు. పని ముగించి పొమ్మని సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు. పెడుతుండగానే కరెంటు పోయింది.

ల్యాబ్‌లో యూపీఎస్ బ్యాటరీలు పాతవి. అవి కూత పెట్టాయంటే ఎక్కడున్నవాళ్ళు అక్కడ లేచి కంప్యూటర్లన్నీ షట్‌డౌన్ చెయ్యాలి. ఆ అలవాటు పిల్లలకు కూడా నేర్పింది లక్ష్మీపతే. ఆయన వరండాలో పరుగులాంటి నడకతో వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. తెరలన్నీ నల్లగా ఉన్నాయి. కొత్తగా చేరిన లెక్చరరు సింధూజ ఆఖరి స్విచ్చి ఆర్పి చేతులు దులుపుకుంటూ ఉంది.

"మీకు పని తగ్గుతుందని నేనే అన్నీ ఆపేసినాను సార్. మీరు బయలుదేరచ్చు," అంది.

"ఆ మూలది?"

"అది కూడా. విండోసే కనిపిస్తా ఉంటే..." ఆయన ముఖం చూసి ఆగిపోయింది. "లోపల నడస్తా ఉండెనా సార్?"

ఆ పిల్ల సాయమే చెయ్యబోయింది. సగం పాతా సగం కొత్తా అయిన లినక్స్ ఇక లేవదు. అంతా మొదటికొచ్చింది. ఫ్యాను తిరగని గదిలో కూర్చుని లక్ష్మీపతి తిమ్మప్ప సెల్లుకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్ళీ చేశాడు. అదే మాట.

రెండు దాటాక కరెంటొచ్చింది. పాడైన ఫైలు తీసేసి, పొద్దున తీసిన కాపీతో మళ్ళీ మొదలుపెట్టాడు. సింధూజ పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు చూసింది.

"మీరు పోండి సార్. నా వల్లే గదా ఇదంతా. నేను చూసుకుంటాను. అదేమడిగినా ఎస్ కొట్టేస్తే సరిపోతుంది గదా?"

అన్నిటికీ ఎస్ కొడితే రేపు పిల్లల లాగిన్లు ఒక్కటీ పనిచెయ్యవు. ఏది ఎస్సో ఏది నోనో ఒక కాగితం మీద రాసిచ్చి పోవచ్చు. అది తప్పినా రేపు పొద్దున్నే వచ్చి సరిచెయ్యవచ్చు. ఇంకెవరైనా అయితే పోయుండేవాళ్ళే. పోయుండవలసింది కూడా. లక్ష్మీపతి లేవడానికి చేతులు స్టూలు మీద ఆనించాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. తెరమీద పని సగం దగ్గరుంది. ఇన్ని రోజులు ఉన్న మామ సాయంత్రందాకా ఉండడా అనుకున్నాడు. సంచి దించి కింద పెట్టాడు.

"కొంచెమే గదమ్మా. ముగించేసి పోతాను."

కొంచెమన్నది నాలుగున్నర దాకా సాగింది. చివరికి గడిలో కొత్త లినక్స్ లేచి, నీట్‌గా పేరూ పాస్‌వర్డూ అడిగింది. సింధూజ చప్పట్లు కొట్టింది. కాపీలు తాను చేస్తానంది. లక్ష్మీపతికి సంతోషం వెయ్యలేదు, కాళ్ళల్లో ఆదుర్దా మాత్రం ఉంది.

*

పుంగనూరు బస్టాండులో ఊరి బస్సు కదలడానికి ఇంకా టైముంది. మెట్ల పక్కన ఒకామె టెంకాయలు పెట్టుకుని కూర్చుంది. పొద్దున గంజి సరిగ్గా లోపలికి పోలేదు, లేత టెంకాయ నీళ్ళయితే పోతాయేమో.

"పేషంటుకా అప్పా? ఇదో, దీంట్లో మీగడ కూడా ఉండదు, ఒట్టి నీళ్ళే," అని ఆమె ఒక కాయ ఏరి, పైన తెల్లగా చెక్కి ఇచ్చింది. ఇంటికి పోయాక పైచెక్క తీసి చెంచాతో పోయవచ్చు. బస్సులో కాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజంతటిలో ఆయనకు కాస్త నెమ్మదిగా ఉన్నది ఆ కొంతసేపే.

ఊళ్ళో బస్సు దిగుతూనే పలకల మోత వినిపించింది. ఎవరింటిదో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పలకలు వినబడే దిక్కుకే కాళ్ళు పోయాయి.

పాడె అప్పటికే కట్టి సిద్ధంగా ఉంది. ఆదెప్పకు స్నానం చేయించి నామం పెట్టారు. గడ్డం శుభ్రంగా ఉంది, ఎవరో బాగా తుడిచారు. తిమ్మప్ప గుండు చేయించుకుని, తడిపంచెతో, నిప్పుకుండ పట్టుకుని ముందర నిలబడి ఉన్నాడు. లక్ష్మీపతి కాయను అరుగుమీద పెట్టి గుంపులోకి పోయాడు. బయ్యమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది.

"కరెంటు పొయ్యే యాళకు పొయ్యినాడప్పా. వాకిలి తట్టే సూస్తాండె. నీళ్ళు తిమ్మప్ప పోసినాడు. లోపలికి పోలా, బయటికొచ్చేశ."

"ఫోన్ చేద్దామనుకొన్యాను బావా," అన్నాడు తిమ్మప్ప తల దించుకుని. "కరెంటు లేదా, సెల్లు చచ్చి కూసున్యాది." నిజమో అబద్ధమో అడిగే ఓపిక లక్ష్మీపతికి లేదు. కరెంటు పోయిన వేళకు తాను సెలవు చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు పరుగెత్తినా అందేవాడు కాదు. ఆ లెక్క కూడా ఆయనకు ఊరటనివ్వలేదు. పొద్దున బయ్యమ్మ పోవద్దన్నప్పుడు ఉండిపోవలసింది, అంతే.

"కలకడాయనొచ్చినాడు గదా, కుండ ఆయనకీండప్పా. మాయన్న ఆయప్పనే పట్టమన్యాడు," అంది బయ్యమ్మ.

పెద్దమనిషి పాపయ్య పడమటివైపు చూశాడు. "గుండు సేయించినాక కుండ సెయ్యి మారకూడదమ్మా. పొద్దు గూకతా ఉండాది. ఎత్తండి."

లక్ష్మీపతి నోరు తెరవలేదు. నాకు చెప్పాడని ఒక్క మాట అనుంటే ఎవరైనా ఆగేవాళ్ళేమో. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆయన ఏదీ నాదని అడగలేదు, ఎట్లా అడగాలో ఆయనకు తెలియదు. పాడె లేచింది. ఆయన గుంపు చివర నడిచాడు. నిప్పు పెట్టేటప్పుడు ముందున్నవాళ్ళ భుజాల మధ్యనుంచి మామ పాదాలు మాత్రం కనిపించాయి. అప్పుడు ఏడుపొచ్చింది. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు.

బోరు దగ్గర స్నానాలు చేసి అందరూ ఇంటికొచ్చారు. మంచం ఉన్న చోట కడిగి దీపం పెట్టారు. దాయాదులంతా నడవలో కూర్చున్నారు. మైల ఎవరెవరికి ఎన్నాళ్ళో, ఎవరు గడప దాటకూడదో పాపయ్య చెబుతున్నాడు. లక్ష్మీపతి కూడా ఒక మూల కూర్చోబోయాడు. తిమ్మప్ప చూసి లేచి వచ్చాడు. మాటలో వెటకారమేమీ లేదు, మర్యాదగానే అన్నాడు.

"నీకు మైల లేదులే బావా. నువ్వు పనికి పొయ్యొచ్చు."

లక్ష్మీపతి తలూపాడు. లోపలికి పోయి రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. వాకిట్లో బయ్యమ్మ అడ్డమొచ్చింది.

"యాడికప్పా, ఈ మాపటేళ?"

"రేపు పరీక్షలు చిన్నమ్మా," అన్నాడు. ఆమె ఇంకేదో అనేలోగా బస్సు నిలిచే దిక్కుకు నడిచాడు.

అరుగు మీద టెంకాయ, చెక్కినచోట ఎర్రబడుతూ, నీళ్ళతో అట్లాగే ఉండిపోయింది.