చుంచు ముక్కు

ఆళ్లగడ్డలో నేను రాతి బొమ్మలు చెక్కే షెడ్డులో ఒక చుంచు ఉండేది. దాన్ని ఎవరన్నా ఎలుక అంటే నాకు మండుకొస్తాది. ఎలుక గింజలు కొరుకుతాది. ఇది గింజ ముట్టదు. పురుగూ బొద్దింకా తింటాది, అదీ పొద్దస్తమానం. ఒక్క పూట పస్తుంటే చస్తాది పాపం. కండ్లు సరిగా కనపడవు. పొడుగు ముక్కు ఆడించుకుంటా గోడ అంచునే పోతాది. పోయినకాడంతా కంపు!

నా పెండ్లాం మహాలక్ష్మి బతికున్నప్పుడు చీపురు పట్టుకుని దాని ఎంట పడేది. ఆమె పోయినాంక షెడ్డులో నేనూ అదీ మిగిలినాం. పొద్దు గూకే యాళకు ఉలి కింద పెట్టి, ఒక బొద్దింకను కొట్టి గోడ పక్కన పెట్టేవాణ్ణి. "రామ్మా, తిను" అనేవాణ్ణి. మాట్లాడేదానికి ఇంకెవరుండారు నాకు? ఒకసారి పిల్లల్ని ఎంటబెట్టుకొచ్చింది. ఒకదాని తోక ఇంకొకటి నోట కరుచుకుని వరసగా వచ్చినాయి. భలే నవ్వొచ్చింది. పెద్దయినాంక అవి యాడికి పోయినాయో ఏమో, మళ్లీ అది ఒంటిదే.

కోయిలకుంట్లోళ్లు గుడికి వినాయకుణ్ణి చెక్కమన్నారు. స్వామి అయిపోయినాడు. కాళ్లకాడ విడిగా పెట్టే ఎలుక మిగిలింది. అప్పుడే పిల్లి చుంచును చంపేసింది. కంపుకు తినలేక వదిలేసి పోయింది. తిననిదానికి ఎందుకు చంపల్ల, దాని నోరు పడిపోను! సిగ్గెందుకు, ఏడ్చినా. ఆ మరునాడే ఎలుకను చెక్కబట్టినా.

అయినాంక గుడి పెద్ద సుబ్బయ్య బండి తీసుకొచ్చినాడు. ఎలుకను చూసి ఎగిరిపడినాడు.

"ఏందప్పా ఆచారీ, ఇది చుంచు గదా! గుళ్లో పెడితే జనం నవ్వరా?"

చూసుకుంటే నిజమే. నా చేతికి తెలిసిన ముక్కే వచ్చింది.

"ఆ ముక్కు కొట్టెయ్, సరిపోతాది. లేకుంటే స్వామి కూడా మాకొద్దు."

ఉలి ఆనించినా. మళ్లీ తీసి కింద పెట్టినా.

"దీని మీద ఉలి పెట్టను సుబ్బయ్యన్నా. ఇంకోటి చెక్కి ఇస్తా. ఎల్లుండి రా."

"నీకేమన్నా మతి పోయిందా?"

"పోయింది. ఎల్లుండి రాపో."

గొణుక్కుంటా పోయినాడు గానీ, వచ్చినాడు. పొట్టి ముక్కు ఎలుకనూ స్వామినీ బండికెత్తుకుని పోయినారు.

షెడ్డు బోసిపోయింది. రాతి చుంచును గోడ అంచున పెట్టినా. పొద్దు గూకినాంక అలవాటు కొద్దీ ఒక బొద్దింకను కొట్టి దాని ముందర పెట్టి, "రామ్మా, తిను" అన్నా.

తెల్లారి చూస్తే బొద్దింక ఉన్నచోటే ఉండాది, చీమలు పట్టి. మహాలక్ష్మి చీపురు యాడుందో ఎతుక్కుని, నేనే ఊడ్చినా.