ఇంకా నడుస్తోంది

తెరమీద ‘సరి’ అని మరోసారి పడింది. పరీక్షకుడు మెడ నిమురుకుని, చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. కంప్యూటర్లు వేడెక్కకూడదని ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. మనుషుల చలి సంగతి ఎవరికీ పట్టదు. పొడుగాటి మనిషి, బల్లముందు వంగీ వంగీ వీపు గూనిదేలింది.

ఫలానా పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఎవరైనా రుజువు తెస్తే దాన్ని సరిచూడడం ఆయన పని. తెచ్చేవాడి పాట్లు వేరు. సంఖ్యకు తగిన ఎలిప్టిక్ వక్రమనే ఒక తరహా గీత కోసం వందల వక్రాలను పారేస్తూ వెతకాలి. కుదిరిన వక్రంమీద ఎన్ని బిందువులున్నాయో తేల్చి, ఆ లెక్కను విడగొడితే అంతకన్నా చిన్న సంఖ్య ఒకటి బయటపడుతుంది. ఆ చిన్నది ప్రధానమైతే పెద్దదీ ప్రధానమే. చిన్నదానికి మళ్లీ ఇంకో వక్రం. అలా మెట్టు మెట్టు దిగి, చేత్తో భాగించి చూడగల సంఖ్య దగ్గర ఆగాలి. వెతకడానికి నెలలు కావాలి, సరిచూడడానికి ఒక పూట చాలు. పేరు మాత్రం వెతికినవాడికే.

ఇక్కడ ఆ వెతికేవాడు, పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు, సాక్షాత్తూ తన తోడల్లుడు. అక్కడే ఆయనకు ఒళ్లు మండేది. పెద్దల్లుడు తానైనా అత్తవారింట మర్యాదలన్నీ చిన్నల్లుడికే. అత్తగారు స్వెటర్ అల్లిపెట్టింది కూడా అతనొక్కడికే. వారం క్రితం ఆసుపత్రిలో చేరడానికి వెళ్తూ అతను దాన్ని తన కుర్చీకి తగిలించి, "మీరు వేసుకోండి అన్నయ్యా, వణికిపోతున్నారు" అన్నాడు. ఆయన ముట్టుకుంటే ఒట్టు.

ఇప్పుడు చూస్తున్నది ఆ తోడల్లుడి రుజువే. ఇక్కడ ఇంత పెద్ద సంఖ్య జోలికి ఇదివరకు ఎవరూ పోలేదు. ఒక్క మెట్టయినా విరక్కపోతుందా అని పొద్దుటినుంచి కాచుకుని కూర్చున్నాడు. భోజనాల వేళకు చివరి మెట్టూ సరి అయింది. ఆఖరున మిగిలిన సంఖ్యను కాగితంమీద తానే భాగించాడు. దేనితోనూ నిశ్శేషంగా పోలేదు. ఆయనకు అన్నం సయించలేదు.

అప్పుడే ఫోన్ మోగింది.

"అన్నయ్యా, తేలిందా?" తోడల్లుడి గొంతు బొత్తిగా నీరసంగా ఉంది.

"ఇంకా నడుస్తోంది."

"నిదానంగానే చూడండి. తొందరేం లేదు."

సాయంత్రం దాకా ఆగితే కొంపేం మునగదనుకున్నాడు. మరో ప్రోగ్రాంతో మళ్లీ మొదటినుంచి పెట్టాడు. మళ్లీ ప్రతి మెట్టూ సరి. ఎంత శుభ్రంగా దిగాడు వీడు అని మెచ్చుకోక తప్పలేదు. అందుకు ఇంకా ఉక్రోషం వచ్చింది.

ఇంటికి బయల్దేరబోతుంటే భార్య ఫోన్ చేసింది.

"చెల్లి ఇప్పుడే చెప్పింది. మరిది పోయాడండీ. నిద్రలోనేనట."

ఆయన చేతిలోని సంచీ మళ్లీ బల్లమీద పెట్టాడు.

"మీ ఫోన్ కోసం చాలాసేపు చూశాడట. అన్నయ్య ఒక్కసారి సరే అన్నాడంటే ఇక ఎవరూ వంక పెట్టలేరు, ఆ మాట విని పడుకుంటా అన్నాడట. ఇంతకీ అదేదో తేలిందా?"

"తేలింది," అన్నాడు. తెరవంక చూస్తూ, "మధ్యాహ్నమే తేలింది" అన్నాడు.

రుజువు కింద తోడల్లుడి పేరు, ఆ కింద ‘సరి’ అని వేసి పంపించాడు. తర్వాత దీపం ఆర్పబోయాడు. చల్లగాలికి కుర్చీమీది స్వెటర్ చెయ్యి ఒకటి కదులుతోంది. మోచేతి దగ్గర ఉన్ని, బల్లకు రాసుకుని రాసుకుని, పలచబడి ఉంది.