మలుపు దగ్గర మనిషి లేకపోతే

అక్క వంటింట్లో ట్యాప్ కారడం మొదలై ఏడాది దాటింది. కింద స్టీలు గిన్నె పెట్టింది. నిండితే పారబోస్తుంది, మళ్ళీ పెడుతుంది. "వాషరు మార్చేస్తానక్కా, ఐదు నిమిషాల పని" అని తమ్ముడు నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ వద్దంది. తాళాల కొట్టు నడుపుకునేవాడికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఎందుకు వద్దంటోందో మాత్రం అతనికి అంతుబట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే బండి వేసుకుని వచ్చేసరికి ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని చేతుల్లేని నారింజరంగు కోటుకి అంచు కుడుతోంది. ఆదివారాలు కలిసి బండ్ల మీద తిరిగే గుంపులో అందరికంటే చివర వచ్చేవాడు, అంటే తోక బండివాడు, వేసుకునే కోటు అది. పాతది కిందటేడు బావ ఒంటిమీదే చిరిగిపోయింది.

"నేనూ వస్తున్నారా. నీ వెనకాల కూర్చుంటా" అంది దారం కొరుకుతూ. "ఆ చోటు ఒక్కసారి చూడాలి."

"ఆ గతుకుల్లో నువ్వెందుకక్కా? నడుం విరుగుతుంది."

"ఈ మిషను దగ్గర విరగట్లేదా ఏం?"

హెల్మెట్టు తెచ్చిచ్చాడు.

పది బండ్లు బయల్దేరాయి. ముందు పళ్ళ డాక్టరు. దారి తెలిసింది అతనొక్కడికే. పొలాల మధ్య డొంక దారుల్లో దుమ్ము లేస్తుంది గనక ఒకరికొకరు బాగా ఎడంగా నడుపుతారు, ముందువాడు వెనకవాడికి కనపడడు. అందుకని మలుపు వచ్చినప్పుడల్లా డాక్టరు తన వెనకున్నవాణ్ణి అక్కడ నిలబెట్టి పోతాడు. నిలబడ్డవాడు వచ్చేవాళ్ళందరికీ ఎటు తిరగాలో చెయ్యి చూపించాలి, నారింజ కోటు వచ్చేదాకా అక్కణ్ణించి కదలకూడదు. మలుపు దగ్గర మనిషి లేకపోతే తిన్నగా పొమ్మని అర్థం. ఇంతే శాస్త్రం. బడికెళ్ళే పిల్లలకైనా ఒక్కసారి చెబితే తలకెక్కుతుంది. పాటించడానికే కాస్త ఒళ్ళు వంగాలి.

బావ లిఫ్టులు బాగుచేసేవాడు. బోల్టు బిగించాక మూడుసార్లు చూసుకునే మనిషి. అందుకే తోక పని ఆయనకిచ్చారు. ముందువాళ్ళు బార్లా తెరిచి పోయిన పొలం గేట్లన్నీ దిగి, ఒక్కొక్కటే మూసి, గొళ్ళెం లాగి చూసి మరీ వచ్చేవాడు. కిందటేడు ఆ గేట్ల దగ్గరే ఆలస్యమైంది. ముందరి మలుపులో నిలబడింది తమ్ముడు. అక్కడ కుడికి తిరగాలి. తిన్నగా పోతే చిన్న మిట్ట, మిట్ట అవతల వానలకి కొట్టుకుపోయిన కల్వర్టు.

"చెయ్యి చూపించాను, గొంతు చించుకుని అరిచాను. చూసుకోకుండా తిన్నగా పోయాడు." తమ్ముడు ఆస్పత్రిలో చెప్పిన మాట ఇది. అందరూ నమ్మారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, బావకి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. కళ్ళు నెత్తికెక్కి పోయాడన్నారు.

అసలు జరిగింది వేరు. నెత్తిన మాడ్చేసే ఎండ. బండ్లన్నీ పోయి ఇరవై నిమిషాలైనా తోక జాడ లేదు. 'ప్రతిసారీ నన్నే నిలబెడతాడీ డాక్టరు, నేనేమైనా దిష్టిబొమ్మనా' అని గొణుక్కుంటూ తమ్ముడు కుడి దారిలోకి యాభై గజాలు బండి తోసుకుపోయాడు. చెట్టు నీడన సిగరెట్టు వెలిగించాడు. చప్పుడు వినపడగానే లేచి వెళ్ళొచ్చు కదా అనుకున్నాడు. చప్పుడు వినపడింది. లేచి పరిగెత్తేలోపల అది మిట్ట ఎక్కేసింది. సిగరెట్టు సగం కూడా కాలలేదు.

చిన్నప్పుడు అక్క బంతి విసిరి నాన్న గోడగడియారం అద్దం పగలగొడితే "నేనే నాన్నా" అని ముందుకొచ్చి బెల్టు దెబ్బలు తిన్నది ఇతనే. సొంత తప్పుకి "నేనే" అనడానికి మాత్రం ఏడాదిగా నోరు పెగల్లేదు. కక్కలేడు, మింగలేడు.

ఆ మలుపు రానే వచ్చింది. డాక్టరు బండి ఆపి, "నువ్వే నిలబడు. అక్కయ్యకి చూపించు" అని మెల్లగా చెప్పి కుడికి తిరిగాడు. వెనక ఏడు బండ్లు వచ్చాయి. తమ్ముడు చెయ్యి చాచి ఏడింటినీ కుడికి పంపాడు. దుమ్ము అణిగింది. కల్వర్టు వైపు ఇప్పుడు ఇనప కడ్డీలు అడ్డం పెట్టారు.

"ఎక్కడ నిలబడ్డావు?"

"ఇక్కడే."

ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచింది. చాలా దూరం పోయింది. తిరిగి నిలబడి అతన్ని చూసింది. చీర కుచ్చెళ్ళకి అంటిన మట్టి కూడా దులుపుకోకుండా మళ్ళీ వచ్చింది.

"అక్కణ్ణించి కూడా నీ చొక్కా గళ్ళు లెక్కపెట్టొచ్చురా" అంది. "చూసుకోకపోవడమేంటి? ఆయన చూశారు. చూసే పోయారు."

"అక్కా!"

"ఆ పొద్దున ట్యాప్ గురించి గొడవ. మూడు ఆదివారాలుగా రేపు రేపంటూ బండెక్కి పోతుంటే ఒళ్ళు మండి, పో, తిరిగి రాకపోయినా నాకేం నష్టం లేదన్నాను. హెల్మెట్టు పెట్టుకుంటూ 'సరే' అన్నారు. అంతే, 'సరే'. ఏడాదినుంచీ ఆ మాటే చెవిలో గింగురుమంటోంది. ఈ దారి వంకరగా ఉండుంటే బాగుండేది. కనపడలేదులే అనుకునేదాన్ని."

రాత్రింబవళ్ళు ఆ గిన్నెలో పడే చుక్కలు ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. తను దాచుకున్నది తన ఒక్కడినే తింటోందనుకున్నాడు ఇన్నాళ్ళూ. దారిలోనే కూలబడ్డాడు.

"బావ నన్ను చూడలేదక్కా. నేనిక్కడ లేను. అదిగో, ఆ చెట్టు కింద సిగరెట్టు తాగుతున్నా. మనిషి లేడు గనక తిన్నగా పోయాడు. పద్ధతి ప్రకారమే పోయాడు. అందరికీ అబద్ధం చెప్పాను. చంపింది నేను, నీ మాట కాదు."

అనేశాడు. ఇక కొడుతుంది, తిడుతుంది, మొహం చూడొద్దంటుంది. ఏదైనా సరే పడతాననుకుని తల వంచాడు.

ఆమె చెయ్యి తల మీద పడింది. మెత్తగా నిమిరింది.

"గడియారం అద్దం అప్పుడూ ఇంతే" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవుల మీద చిన్న నవ్వు. "నా మొహం చూడగానే 'నేనే నేనే' అని ముందుకొచ్చేశావు. ఎన్ని దెబ్బలు తింటావురా నా కోసం?"

"కాదక్కా, ఇది నిజం. ఒట్టు! నా పిల్లల మీద ఒట్టు!"

"పిల్లల మీద ఒట్లు పెట్టకు, తప్పు." గబుక్కున అతని నోరు మూసింది. "నా పాపం నెత్తిన వేసుకోడానికి పిల్లల్ని కూడా అడ్డం పెడతావా? నువ్వు కదిలే రకం కాదు. ఆ మాట మీ బావే అనేవారు. మలుపులో మావాడుంటే నాకు చింత లేదనేవారు."

అతను ఇంకోసారి చెప్పాడు. సిగరెట్టు పేరు చెప్పాడు, ఎంత కాలిందో చెప్పాడు. ఎంత వివరంగా చెబితే ఆమెకి తమ్ముడి మీద అంత జాలి పుట్టుకొచ్చింది. అబద్ధానికి అక్కర్లేకపోయిన సాక్షి నిజానికి కావలసి వచ్చింది, ఆ సాక్షి లేడు.

దూరంగా బండి చప్పుడు. నారింజ కోటు కనిపించింది. ఇప్పుడు తోక పని చూస్తున్న బేకరీ అతను గేట్లన్నీ మూసి వస్తున్నాడు. దగ్గరికొచ్చి, ఇక కదలొచ్చని చెయ్యి ఎత్తాడు.

"అక్కా, నిజంగా నేనే."

"సరేరా, నువ్వే. లే, బండి తియ్యి" అంది ఆమె, మారాం చేసే పిల్లవాడితో అన్నట్టు. వెనకెక్కి కూర్చుని అతని వీపుకి తల ఆనించింది. దారిపొడుగునా చొక్కా తడుస్తూనే ఉంది.